ఏడో స్టాపులో తెర లాగినవాడు

ఆయన్ని ఊరంతా ‘రైట్‌రైట్’ అనే పిలిచేది. ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరు. రిటైరయ్యాక ఊరి రేడియోలో గురువారం సాయంత్రం అరగంట కార్యక్రమం చెప్పేవాడు. టైర్ల కొట్టు మీద రెండు గదుల స్టేషను. చప్పుడు లోపలికి రాకుండా గోడలకు పాత బొంతలు వేలాడదీశారు. కింద టైరు ఎక్కిస్తున్నప్పుడు సుత్తి దెబ్బలు మాత్రం వాటిని లెక్కచేసేవి కావు. ఎన్ని ఊళ్లు తిరిగినా, శ్రోతల్ని “లోపలికి జరగండి, లోపలికి జరగండి” అంటూ ఆహ్వానించినవాణ్ణి మరొకణ్ణి నేను వినలేదు.

తను తిరిగిన పాత రూటులోంచి వారానికో స్టాపు. అక్కడ ఒకప్పుడు వాయిద్యాలు ఎవరు బాగుచేసేవారో, ఏ మేడ మీద పాటలు నేర్పేవారో చెప్పేవాడు. ఏడో స్టాపు నాటకశాల. దాన్ని పడగొట్టిన చోట ఇప్పుడు బళ్లు నిలుపుతున్నారు. అక్కడ ఆడిన మొదటి నాటకంలో తన తాతే హీరో అనీ, ఆయన గొంతెత్తితే వెనక బెంచీలవాళ్లు లేచి నిలబడేవారనీ ఆ గురువారం చెప్పాడు. వాళ్లింట్లో తరాలుగా నడుస్తున్న మాటే అది.

మర్నాడు, నాటకాల బట్టలు కుట్టిన ముసలమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో మడతల దగ్గర చిరిగిన, ఆ మొదటి నాటకం కరపత్రం.

“మీ తాతకు పాటెప్పుడొచ్చింది నాయనా? తెర లాగేవాడు. అప్పుడు నేను మా అమ్మ పక్కన గుండీలు కుడుతున్నా. ఇదిగో, అట్టడుగున చూడు.”

చూశాడు. అందరి పేర్ల కింద, చీమ తలంత అక్షరాల్లో తాత పేరు.

“ఎవరికి తెలుస్తుంది బాబాయ్, వదిలేయండి” అంది స్టేషను నడిపే అమ్మాయి.

అక్కకు ఫోన్ చేస్తే ఆవిడ ఏడుపు లంకించుకుంది. “చచ్చి స్వర్గాన ఉన్నాయనచేత మళ్లీ తెర లాగిస్తావట్రా? మా అత్తవారింట్లో నాకున్న పరువంతా ఆ పాటే! రేడియోలో నోరు విప్పావో, నా గడప తొక్కకు.”

తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే.

నేను చరిత్ర పుస్తకాలు చాలానే తిరగేశాను. రాజుగారి గుర్రానికి పేరుంటుంది, దానికి నాడాలు కొట్టినవాడికి ఉండదు.

గురువారం వచ్చింది. “పోయిన వారం ఏడో స్టాపులో మీ అందరికీ తప్పు టికెట్టు కొట్టాను. మా తాత హీరో కాదు. తెర లాగేవాడు” అని, ముసలమ్మను మైకు ముందు కూర్చోబెట్టాడు.

“తెర లాగడం తేలికనుకున్నారా?” అంటూ ఆవిడ మొదలుపెట్టింది. “హీరో పాట మర్చిపోయి గుటకలు మింగుతుంటే మాట అందించేది వీళ్ల తాతే. ఒకనాడు తాడు తెగింది. తెరను భుజానేసుకుని అంకమంతా నిలబడ్డాడు. చచ్చిపోయిన హీరో లేచి దండాలు పెట్టేసినా ఈయన కదలడే! భుజం బిగుసుకుపోయింది మరి.”

ఫోన్ మోగింది. అక్క. అమ్మాయి ఆ గొంతును నేరుగా రేడియోలోకి కలిపింది.

“ఒరే… తాత జడ వేస్తుంటే ఆ చేతుల గరుకుకు నా జుట్టు చిక్కుకునేదిరా. పాటగాడికి ఈ కాయలేంటి తాతా అంటే నవ్వేవాడు.”

“అక్కా, ఊరంతా వింటోంది.”

“విననీరా. ఆవిణ్ణి ఆపకు, తర్వాతేం జరిగిందో చెప్పమను.”