నీలి గుడిసెకు నాలుగు ఇళ్లు

చిల్పూరు దగ్గర మా ఊరికి, పక్కనున్న తండాకు దూరం కిలోమీటరు. మా ఊళ్లో మేడలున్నాయి, ట్రాక్టర్లున్నాయి, రెండు ఎరువుల దుకాణాలున్నాయి. తండాలో రేకుల ఇళ్లు, ఒకే ఒక్క గుడిసె. ఆ గుడిసె నీలిది. భర్త పోయాక పత్తి ఏరి, మిరప తెంపి ఒక్కగానొక్క కూతురు కల్యాణి పెళ్లి చేసింది. ఆ తర్వాత రేకులకు ఏమీ మిగల్లేదు. ఆ గుడిసె విలువ మాకు ఇన్నేళ్లూ తెలియలేదు. ఇళ్ల స్కీము వచ్చాకే తెలిసింది.

సర్వే ఉద్యోగి సాంసన్ వచ్చి ఇంటావిడను ఆమె ఉంటున్న ఇంటి ముందు నిలబెట్టి ఫోన్లో ఫొటో తీస్తాడు. మేడ కనిపిస్తే ఫోన్ కాదంటుంది, గుడిసె కనిపిస్తే సరేనంటుంది. ఫొటో తీసిన జాగాను దానంతటదే రాసుకుంటుంది. మా ఊళ్లో చూద్దామన్నా గుడిసె లేదు. ఉపాయం ఎరువుల దుకాణం యుగేందర్‌కు తట్టింది.

"తండల నీలిది ఉన్నది గద సారూ. జర అరగంట అడుగుదాం," అన్నాడు.

నేను బడిలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. నెల తిరిగేసరికి పింఛను పడుతుంది. సిగ్గేసిన మాట నిజం. కానీ ఊరుకుంటే ఆ ఇల్లు ఇంకెవరో తన్నుకుపోతారన్న భయం సిగ్గు కంటే పెద్దది. దాచడమెందుకు, వెళ్లిన నాలుగిళ్లలో మాదీ ఒకటి.

నీలికి ముందురోజే కబురు పెట్టాం. ఊరి పెద్దమనుషులు ఇంటికి వస్తున్నారని ఆమె పొద్దున్నే లేచి గోడలకు ఎర్రమట్టి పూసి, వాకిలి అలికి, ముగ్గేసి, పక్కింటి నుంచి రెండు కుర్చీలు తెచ్చి వేసింది. యుగేందర్ నెత్తి పట్టుకున్నాడు.

"గిట్ల ముద్దుగ జేస్తే ఎట్లనే నీలీ? పేదరికం ఎట్ల కనవడ్తది?"

"చుట్టాలొస్తే గలీజు ఇల్లు జూపెడ్తరా పటేలా?" అంది నీలి, నిజంగానే నొచ్చుకుని.

కుర్చీలు దాచాం. ముగ్గు కాళ్లతో చెరిపేశాం. నా భార్య భాగ్యమ్మ కమ్మలూ గొలుసూ తీసి మూటగట్టి, నీలి పాత చీర ఒకటి అడిగి కట్టుకుంది. యుగేందర్ భార్య సారక్క ఎంత తంటాలు పడ్డా మొహంలోకి పేదరికం రాలేదు, కడుపునొప్పి మాత్రం వచ్చింది. సాంసన్ కళ్లు మూసుకోలేదు గానీ నోరు మూసుకుని, నలుగురు ఆడవాళ్లనూ వరసగా అదే గుడిసె ముందు నిలబెట్టి ఫొటోలు తీశాడు. అందరికీ నీలే చాయ్ పోసింది.

"మా పని కానియ్యి, అటెంక నీదే," అని యుగేందర్ మాటిచ్చాడు.

"వానలకు ముందుగాల అయితే సాలు. మా కల్యాణికి రెండో నెల. కాన్పుకు ఈడికే తోల్కరావాలె. పోయిన వానలకు గుడిసెంత గిన్నెలు వెట్టి నీళ్లు వట్టిన. పసిగుడ్డును గిన్నెల నడుమ ఏడ పండవెట్టాలె సారూ?"

నేను తల ఊపాను. తల ఊపడంలో నాకు ముప్పై ఏళ్ల అనుభవం.

నెల తర్వాత మా నాలుగూ మంజూరయ్యాయి. పునాదులు మాత్రం ఊళ్లోనే తీశాం. ఇల్లు తండాలో అని కాగితం, ఊళ్లో అని ఇటుకలు. రెంటినీ కలిపి చూసినవాడు లేడు. అప్పుడు సాంసన్ నీలి దగ్గరికి వెళ్లి ఫొటో తీశాడు. ఈ జాగాలో ఇప్పటికే నాలుగు పక్కా ఇళ్లు మంజూరయ్యాయి, ఇక కుదరదంది ఫోన్.

"నా గుడిసె నీ కండ్లకు కనవడ్తలేదా బిడ్డా?"

"నాకు కనవడ్తున్నదవ్వా. ఫోనుకే కనవడ్తలేదు."

ఎండాకాలంలో జనగామలో సభ పెట్టారు. ఊళ్లకూ తండాలకూ మధ్య ఆర్థిక అంతరాల మీద ఓ పెద్దసారు లెక్కలు చదివాడు. మా తండాకు నాలుగు పక్కా ఇళ్లు, మా ఊరికి సున్నా. అంతరం తీరిపోవడమే కాదు, తండాయే ముందుకెళ్లిపోయిందట. వెనకబడిన మా ఊరి మీద ఆయన జాలిపడ్డాడు. తండా తరఫున నీలిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను.

మృగశిర దగ్గరపడుతుండగా నీలి సాంసన్‌ను వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. స్లాబు, టైల్స్, ఫ్యాన్‌తో స్కీము కింద కట్టుకున్న మా కొత్త గది తాళమేసి ఉంది.

"మీరు నా గుడిసె ముందట నిలబడితే పేదోళ్లయిండ్రు. నేను నీ అర్ర ముందట నిలబడ్త, ఏమైతనో సూద్దాం," అని నిలబడింది.

సాంసన్ ఫొటో తీశాడు. ఫోన్ క్షణం కూడా ఆలోచించలేదు. పక్కా ఇల్లు ఉంది, అనర్హురాలు.

నీలి ఆ మాటను రెండుసార్లు చదివించుకుంది. "ఇల్లున్నదని సర్కారే జెప్పింది గద," అని వెళ్లిపోయింది.

మూడోరోజు ముసురు పట్టింది. మా గేటు ముందు ఆటో ఆగింది. నిండు నెలల కల్యాణి, ట్రంకుపెట్టె, గిన్నెల మూట, నీలి దిగారు.

"తండల నాలుగు ఇండ్లున్నయని శాలువ గప్పిండ్రు సారూ. అంతట ఎతికిన. గిదొక్కటి దొరికింది."

ఇది నా ఇల్లని అనబోయాను. నాదని చూపాలంటే కాగితం తీయాలి. ఆ కాగితంలో ఈ ఇల్లు తండాలో ఉంది, నా భార్య గుడిసెలో ఉంది. ఎదురుగా కల్యాణి నడుం పట్టుకుని తడుస్తోంది.

భాగ్యమ్మ గబగబా లోపలికెళ్లి, ఆ రోజు కట్టుకుని తిరిగివ్వని పాత చీర తెచ్చింది. "పొత్తిగుడ్డలకు పనికొస్తది, తీస్కోయే," అంటూ నీలి చీరను నీలికే దానమిచ్చింది. నీలి దాన్ని గుర్తుపట్టింది. మడిచి చంకలో పెట్టుకుంది.

అప్పుడు నా సిగ్గు భయాన్ని మించిపోయింది. తాళంచెవి తెచ్చి నీలి చేతిలో పెట్టాను. ఆమె గది తెరిచి, కూతురిని కూర్చోబెట్టి, అలవాటుగా ఒకసారి కప్పుకేసి చూసి, ఆ తర్వాత గిన్నెల మూట విప్పి పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలని అడిగింది.