లేతు మిషను వెనక దిమ్మ

ఆస్టినాబాద్ తెలుగు చర్చిలో వేదిక పక్కన పూలకూజా పెట్టే పడౌక్ గుంజ ఒకటి ఉంది. నడుమెత్తు, ఎర్రటి కర్ర. లేతు మిషను మీద తరిణె పట్టిన వంపుల మీద వేలు జరిపితే ఎక్కడా ఆగదు. చర్చి వాళ్ళు అచ్చువేసిన సంచికలో దాని గురించి రెండు వాక్యాలున్నాయి: ఏలీయాగారు భక్తితో సమర్పించారనీ, ఆయన జీవితం సేవకే అంకితమనీ. ఏలీయా భక్తి సంగతి దేవుడికి తెలియాలి. ఆ గుంజ సంగతి మాత్రం ఏలీయాయే నాకు చెప్పాడు, అందులో భక్తి ప్రసక్తి రాలేదు.

ఏలీయా కాకినాడ నుంచి యాభై మూడులో ఓడెక్కి ఈ దీవులకు వచ్చి రంపపు మిల్లులో కూలికి చేరాడు. కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే లేతు మిషను పాతదొకటి తుక్కు కింద వేలం వేస్తే కొని ఇంటి పక్క రేకుల షెడ్డులో నిలబెట్టాడు. కరెంటు లేదు. గోడవార బండిచక్రమంత చెక్క చక్రం, దాని మీంచి మిషను దాకా తోలు పట్టా. చక్రం తిప్పేది భార్య జ్ఞానవతి. పని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఉలి పట్టిన ఏలీయా చేతుల్నే చూసేవారు. చక్రం ఒకే వేగంతో తిరక్కపోతే ఆ చేతులు చేయగలిగింది ఏమీ లేదు. అది జ్ఞానవతికి తెలుసు.

అరవై నాలుగు వానాకాలంలో చర్చి కమిటీ వేదిక ముందు రెయిలింగుకు నలభై గుంజలు చేసిపెట్టమని అడిగింది. క్రిస్మస్ నాటికి కావాలి. అంతవరకూ వాళ్ళ షెడ్డులో తయారైనవి చపాతీ కర్రలు, మంచం కోళ్ళు, బొంగరాలు. ఆ రెయిలింగు మీద జ్ఞానవతికి ఎక్కడలేని ఆశ. తను తిప్పిన చక్రం ఫలితం ఒక్కచోటైనా ప్రతి ఆదివారం అందరి కళ్ళెదుటా ఉండాలని.

మొదటి గుంజ మీద ఉండగా మిషను వెనక దిమ్మ రెండు ముక్కలైంది. తిరిగే కర్ర రెండో కొసను మొనతో పట్టి నిలిపే పోత ఇనుము ముక్క అది. దీవుల్లో విడిభాగం కావాలంటే అప్పట్లో ఒకటే పద్ధతి: విరిగినదాన్నే గోనెలో చుట్టి, ఓడెక్కే మనిషిని పట్టుకుని, శాంపిలుగా పంపడం. కొలత రాసేవాడు లేడు, బొమ్మ గీసేవాడు లేడు. కుట్టుమిషను కాలూ పంపు పిడీ అన్నీ అలాగే సముద్రం దాటి వెళ్ళి, తమలాంటి దాన్ని వెంటబెట్టుకుని వచ్చేవి.

ఎల్లుండి విశాఖపట్నం ఓడ ఉంది. చేపలు పట్టే నూకన్న మేనకోడలి పెళ్ళికి ఆ ఓడలో వెళ్తున్నాడు. గోనె తీసుకోవడానికి అతను షెడ్డుకు వచ్చినప్పుడు జ్ఞానవతి అడ్డుపడింది. ఆమె తండ్రి గురునాథం తణుకు వైపు ఇత్తడి పోత పాకలో ఇసక అచ్చులు వేసిన మనిషి.

"విరిగిందాన్నే ఇసకలో అచ్చేస్తే దానికంటే చిన్నది వస్తదండి. కరిగించి పోసింది ఏదైనా చల్లారితే ముడుచుకుంటది. పైన సాపు చెయ్యడానికి ఇంకొంచెం పోద్ది. కాస్త ఒళ్ళు చేసిన నమూనా కర్రతో మీరే చెయ్యండి. రెండ్రోజుల పని."

"చక్రం తిప్పేదానివి, చక్రం తిప్పు," అన్నాడు ఏలీయా.

నూకన్న గోనె ఎత్తి చూసి, "దీనికీ టికెట్టు తియ్యాలేటి భయ్యా? నాకన్నా బరువున్నాది," అన్నాడు. మగవాళ్ళిద్దరూ నవ్వారు. మాట అక్కడితో అయిపోయింది.

ఓడ తొందరపెట్టిందని ఏలీయా తర్వాత అందరికీ చెప్పేవాడు. ఓడకు రెండు రోజులుంది. నమూనాకు రెండు రోజులు చాలు.

నెలన్నరకు కొత్త దిమ్మ వచ్చింది. పోత పోసినవాడి తప్పేమీ లేదు. ఇచ్చినదాన్ని తీగతో కట్టి అచ్చు వేశాడు, ఆ పాత ముక్కల్ని కూడా కరుగులోకి తోశాడు. బిగించి చూస్తే దాని మొన, కర్ర ముందు కొసను పట్టే మొన కంటే చిటికెన వేలి మందంలో సగం కిందికి ఉంది. ఏలీయా డబ్బా రేకు కత్తిరించి అడుగున పెట్టి ఎత్తాడు. రేకుల మీద నిలబడ్డ దిమ్మ అదరకుండా ఉంటుందా? గుంజల ఒంటి మీద మెలికల గీతలు పడ్డాయి. పదకొండు పడౌక్ ముక్కలు పొయ్యిలోకి వెళ్ళాయి. క్రిస్మస్ దగ్గరపడేసరికి కమిటీ గోల్ ఘర్ పేటలోని ఒక వడ్రంగి చేత రంపంతో కోసిన బల్లచెక్కలు పెట్టించింది. అన్నీ ప్రభువు చిత్తమని పెద్దలు ఓదార్చారు. ప్రభువుకు ఇలాంటివి చాలా అంటగడతారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ మొగుడూ పెళ్ళాం చివరి బల్లలో కూర్చుని ఆ చెక్కల్నే చూశారు.

తర్వాత ఏ ఓడకైనా సరైన నమూనా పంపవచ్చు. పంపాలంటే ముందు భార్య చెప్పింది నిజమని ఒప్పుకోవాలి. ఏలీయా అందుకు బదులు చపాతీ కర్రల్లాంటి పొట్టి సరుకులోకి దిగాడు. పొట్టి కర్ర కూడా ఊగేది. జారిపోకుండా మొనను గట్టిగా బిగించేవాడు. బిగించినకొద్దీ చక్రం బరువెక్కేది. ఆ బరువు ఎవరి భుజం మీద పడుతుందో ఆయన తొమ్మిదేళ్ళు ఆలోచించలేదు. ఈ మాట ఆయన అన్నదే, నేను కలిపింది కాదు.

డెబ్బై మూడులో జ్ఞానవతికి కుడిచెయ్యి తల దువ్వుకునేంత ఎత్తు కూడా లేవడం మానేసింది. ఆస్పత్రిలో డాక్టరు, ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. ఆమె జవాబు చెప్పకముందే ఏలీయా తల దించుకున్నాడు. మర్నాడు పొద్దున పడౌక్ చెక్క ఒకటి ముందేసుకున్నాడు. నమూనా రెండు రోజుల్లోనే అయింది. వంటింటి గుమ్మంలోకి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"చాలుద్దా?"

ఆమె ఎడమ బొటనవేలు అంచుల వెంట జరిపింది.

"ఇంకో గోరంత ఉండాలి. పక్కలు కొంచెం ఏటవాలుగా తియ్యండి, ఇసకలోంచి ఊడి రావాలి."

మళ్ళీ మొదటినుంచి చేశాడు. క్షమించమని మాత్రం అనలేదు. ఆ ఇంట్లో అలాంటి మాటలకు అలవాటు లేదు.

ఈసారి వచ్చిన దిమ్మ రేకు ముక్క అవసరం లేకుండా కూర్చుంది. చక్రానికి నూకన్నను పిలుస్తానంటే జ్ఞానవతి ఒప్పుకోలేదు. ఎడమచేత్తో తనే తిప్పింది, ఆగి ఆగి, మూడు రోజులు. ఒక గుంజ అయింది. రెండోదానికి ఎడమభుజం కూడా మొరాయించింది.

ఏలీయా దాన్ని చర్చికి మోసుకెళ్ళాడు. కమిటీ సంతోషించి, ప్రార్థన చేసి, పూలకూజాకు సరిగ్గా సరిపోయిందంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి నడుస్తూ, బాగుందా అని ఆయన భార్యను అడిగాడు.

"నలభై అడిగారు," అంది జ్ఞానవతి. "ఒకటిచ్చాం."

సిప్పీఘాట్ బస్సు ఒకటి వాళ్ళను దాటిపోయింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి, మళ్ళీ నడిచారు.