పలక చట్రంలో తీసిన కాగితం

అహల్య టీచరు నందిగామ నుంచి బస్సులో పెద్ద నీలం ప్లాస్టిక్ టబ్బు మోసుకొచ్చిన రోజున నేను పగలబడి నవ్వాను. "బళ్లో బట్టలు కూడా ఉతుకుతారా మేడమ్?" అన్నాను. కండక్టరు టబ్బుకీ టిక్కెట్టు కొట్టాడని ఆవిడ చెబితే ఇంకా నవ్వాను. అది 2001 జనవరి. చిల్లకల్లు పక్కన పాలెంలో మాది ఇద్దరు టీచర్ల బడి. నేను, భవానీప్రసాద్, హెడ్మాస్టరుని. ఆవిడ నా కింద అసిస్టెంటు.

మాట మెత్తన, మనిషి మొండి. వాళ్ల నాన్న నందిగామలో ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చిన మనిషి. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగింది. పాత కాగితంతో కొత్త కాగితం చేయడం ఎక్కడో శిక్షణ తరగతుల్లో చూసి వచ్చి, రెండో తరగతి పిల్లలతో చేయిస్తానంది. "పారేసినదానికి కూడా ఇంకో బతుకుంటుందని వీళ్లకి చేత్తో తెలియాలండి" అంది. సామాను కూడా ఆవిడే కూడబెట్టింది. పలకలు పగిలిపోగా మిగిలిన చెక్క చట్రాలకు దోమల జాలి కొట్టించింది. ఎదురింటి ఆరోగ్యమ్మని అడిగి రోలూ రోకలీ తెచ్చింది.

పిల్లల్ని ఇళ్లనుంచి చిత్తుకాగితాలు తెమ్మంది. మర్నాడు ముప్ఫైమంది పిల్లలు కలిసి తెచ్చినవి రెండు బీడీకట్టల రేపర్లు, ఒక పంచదార పొట్లం, నూనె మరకల పేపరు ముక్క. కూలిజనం ఉండే పాలెంలో చిత్తుకాగితం ఎక్కడినుంచి వస్తుంది? పారేయాలంటే ముందు ఇంట్లో ఉండాలిగా. ఆ సంగతి ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. టబ్బు ముందు కూర్చున్న పిల్లల మొహాలు చూడలేక ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది.

అప్పుడు నేను జనాభా లెక్కల ఫారాల్లో తల దూర్చి ఉన్నాను. గది మూల ఇనప్పెట్టె తాళంచెవి బల్లమీద పడేసి, "చెదలు పట్టిన చెత్తంతా అందులోనే ఉంది, తీసుకుపోండి" అన్నాను. కాసేపటికి అట్ట ఊడిపోయి సగం తినేసిన పుస్తకం పట్టుకొచ్చింది.

"సార్, ఇది అడ్మిషన్ రిజిస్టరులా ఉందండి. మధ్యలో పేర్లు కనబడుతున్నాయి. ఒక్కసారి చూడండి."

"చెదలు తిన్నాక రిజిస్టరేంటండీ? నానెయ్యండి."

నేను తల ఎత్తలేదు. ఇంత రాస్తున్నది ఈ ఒక్క ముక్క కోసమే.

రెండు రోజులు నానింది. జాయిస్ అని బక్కపిల్ల, రోకలి తనకే ఇమ్మని ఏడ్చి మరీ దంచింది. గుజ్జులో గంజి కలిపి, చట్రం ముంచి పైకి తీస్తే జాలిమీద పల్చటి పొర నిలిచేది. దాన్ని పాత చీరమీద బోర్లించి, పైన బల్లచెక్క వేసి పిల్లలంతా ఎక్కి కూర్చునేవాళ్లు. జాయిస్ తన కాగితంలో బంతిరేకులు అద్దుకుని ఇంటికి పట్టుకుపోయింది. అహల్య టీచరు అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

ఐదేళ్లకి జాయిస్ వాళ్లమ్మ బేబి బడికొచ్చింది. మొగుడు బెన్ని అంతకు ఆర్నెల్ల ముందు హైవేమీద లారీ కిందపడి పోయాడు. పాలెం అంగన్‌వాడీలో ఆయా పోస్టు పడింది. ముప్ఫై ఐదేళ్లు దాటకూడదు. ఆమెకి ముప్ఫై రెండో మూడో. రేషన్ కార్డులో మాత్రం ఎవరో కంటి అంచనాకి ముప్ఫై తొమ్మిదని రాసి పడేశారు.

"సారూ, నేను ఈ బళ్లోనే మూడు దాకా చదివానండి. నా పుట్టినతేదీ మీ పుస్తకంలో ఉంటదన్నారు. అది రాసిస్తే ఉద్యోగం నాకేనంట. పిల్లని చదివించుకుంటానండి."

ఇంట్లో పుట్టినవాళ్లకి బడి రిజిస్టరే పుట్టుక. పాత మాస్టరు అంచనాకి వేసిన తేదీ అయినా ప్రభుత్వానికి అదే తేదీ. బీరువా వెతుకుతున్నట్టు నటించాను. వెనక నిలబడ్డ అహల్య టీచరు మొహం పాలిపోయింది. చెదలు తిన్న ఆ పుస్తకం నాకు గుర్తొచ్చినట్టే ఆవిడకీ గుర్తొచ్చింది.

ఆవిడ బేబిని వెంటబెట్టుకుని జగ్గయ్యపేట ఆఫీసుల చుట్టూ తిరిగింది. వయసుకి డాక్టరిచ్చే సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి గడువు దాటిపోయింది. పోస్టు ఇంకెవరికో వెళ్లింది. రిజిస్టరు ఏమైందని విచారణకొచ్చిన అధికారి అడిగితే, "పిల్లలతో కాగితం చేయించడానికి నేనే నానబెట్టానండి" అంది. నావైపు చూడనైనా చూడలేదు. నాకు రిటైర్మెంటు రెండేళ్లుంది. నోరు పెగల్లేదంటే అబద్ధం, నేనే పెగలనివ్వలేదు. ఆవిడకి మెమో ఇచ్చి మైలవరం అవతల ఊరికి వేశారు.

ఆవిడ ఆఖరి రోజు సాయంత్రం బేబి, జాయిస్ మిరపకోత నుంచి నేరుగా బడికొచ్చారు. జాయిస్ చిల్లకల్లు హైస్కూలు మానేసి అప్పటికి నెల. మిరప ఘాటుకి దాని చేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి. బేబి కొంగులోంచి ఒక కాగితం తీసింది. బంతిరేకులు నల్లబడిపోయాయి.

"టీచరుగారూ, నా పేరు ఇందులోనే కలిసిపోయిందంట గదండీ. మీరైతే చదవగలరు. ఒక్కసారి చూడండి."

అహల్య టీచరు దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూసింది. అక్కడక్కడ నీలం సిరా నలుసులు తప్ప ఒక్క అక్షరం లేదు. "ఉందమ్మా. కానీ చదవడానికి లేదు" అని, కాగితం నా చేతికిచ్చింది. "మీరూ చూడండి సార్."

ఈసారి చూశాను. "ఏమీ లేదమ్మా" అన్నాను.

జాయిస్ నేలచూపులు చూస్తూ అంది: "నేనే గదా సార్ దంచింది. రోకలి నాకే ఇమ్మని ఏడ్చా."

"నువ్వు కాదమ్మా, నేను" అని అహల్య టీచరు ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

నా తప్పుని ఒక టీచరూ, పన్నెండేళ్ల పిల్లా నా కళ్లముందే పంచుకుంటున్నారు. ఇనప్పెట్టె తాళంచెవి నా జేబులోనే ఉంది. నందిగామ బస్సుకి వేళవుతోందని ఆవిడకి గుర్తుచేశాను.