ఆర్లీన్ లేచి నిలబడితే

ఆర్లీన్ చక్రాల కుర్చీలోంచి లేచిందంటే చుట్టూ ఉన్నవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. మామూలుగా లేస్తే కదా. ముందు రెండు చేతులూ పైకెత్తుతుంది. ప్రభువా, నా కాళ్లు నాకొచ్చాయని పార్కంతా వినబడేలా కేకేస్తుంది. తర్వాత పక్కన ఎవరుంటే వాళ్ల భుజం పట్టుకుని, చూశారుగా, రేపు ఎవరడిగినా మీరే సాక్ష్యం చెప్పాలంటుంది.

ఆవిడకి కీళ్లవాతం. నాలుగడుగులు వేయగలదు గాని, వరసలో గంటసేపు నిలబడలేదు. అందుకే కుర్చీ. ఆర్లాండోలోని ఆ వినోదాల పార్కుకి సీజనంతా పాసు కొనుక్కుని వచ్చేవాళ్లు ఈ గోలకి అలవాటుపడిపోయారు. సెలవులకొచ్చినవాళ్లే బలి. ఓసారి ఒహాయో నుంచి వచ్చిన పెద్దాయనొకడు చేతిలో ఐస్‌క్రీం జారవిడిచి మోకాళ్లమీద కూలబడ్డాడు. ఎంతకీ లేవలేకపోతుంటే, కాసేపు నా కుర్చీలో కూర్చోండని ఆర్లీనే అంది.

కుర్చీ తోసేది మొగుడు వెండెల్. తోస్తాడు, సిగ్గుతో చస్తాడు.

మొన్న జూలైలో ట్రినా అనే పిల్లని వెంట తీసుకెళ్లారు. ఆసుపత్రిలో ఆర్లీన్ పక్క మంచంమీద అదే జబ్బుకి అదే మందు ఎక్కించుకుంటుంది. ఇంకా ముప్పై రాలేదు. పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కాలని దానికి ఎంతో ఆశ. రెండుసార్లు సీటుదాకా వెళ్లి తిరిగొచ్చేసింది. తనదీ చక్రాల కుర్చీయే. అందులోంచి లేవగానే వెనకెవరో, కాళ్లు బానే ఉన్నాయిగా, వరస తప్పించుకోడానికి నాటకం అన్నారట. ఈసారీ ఆ మాట పడితే జన్మలో మళ్లీ పార్కు మొహం చూడనని కార్లోనే చెప్పేసింది.

వెండెల్ పెళ్లాం చెవి దగ్గర వంగి బతిమాలాడు. "ఈ ఒక్కరోజు నెమ్మదిగా లేవవే. ఆ పిల్ల అసలే బెదిరిపోయుంది."

"నోరు మూసుకుని తొయ్యి," అంది ఆర్లీన్.

కోస్టర్ వచ్చి ఆగింది. ట్రినా లేవబోయింది. వెనక వరసలో కళ్లన్నీ తనమీదే ఉండడం చూసి మళ్లీ కూర్చుండిపోయింది.

అంతే, ఆర్లీన్ అందుకుంది. అంత ఘోరం వెండెల్ ఏనాడూ చూడలేదు. ఏడ్చింది. మీసాల గేటుమనిషి బట్టతల మీద ముద్దుపెట్టింది. పట్టుకోడానికి ఆయన భుజముంది కదాని ఓ చిందు కూడా వేసింది. ఫోన్లన్నీ ఆవిడవైపు తిరిగాయి. ఎవరో ముసలావిడ సిలువ గుర్తు వేసుకుంది. వెండెల్ టోపీ మొహం మీదకి లాగేసుకున్నాడు.

టోపీ తీసేసరికి ట్రినా కుర్చీ ఖాళీ. చుట్టూ వెతికితే, ఆ పిల్ల కోస్టర్ ముందు సీట్లో కూర్చుని, కడ్డీ కిందకి దించుకుని, చెవులదాకా నవ్వుతోంది. అది లేవడం ఒక్కరంటే ఒక్కరు చూడలేదు.

ఇన్నేళ్లూ ఆర్లీన్ గోల మొదలెట్టగానే వెండెల్ టోపీలోకే చూశాడు. ఆ గోలలో వెనక చక్రాల కుర్చీల్లోంచి ఎవరెవరు లేచి వెళ్లారో ఒక్కనాడూ చూడలేదు.

"సరే, నువ్వు కూడా ఎక్కు మరి," అన్నాడు పెళ్లాంతో.

ఆర్లీన్ అప్పటికే కుర్చీలో కూలబడి మోకాళ్లు రుద్దుకుంటోంది. "నేనా? అంత ఎత్తు చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. నువ్వెక్కు. పిల్ల ఒక్కత్తే కూర్చుంది."

వెండెల్ ఎక్కాడు. మొదటి వాలు దగ్గర అతను పెట్టిన కేక బయట కార్లు ఆపుకునేవాళ్లక్కూడా వినబడింది. కింద జనమంతా తలలెత్తి చూస్తుంటే, ఆర్లీన్ పక్కనున్నావిడకి నెమ్మదిగా చెప్పింది.

"మా ఆయనేనండీ. పాపం, బాగా మొహమాటస్తుడు."