అంకె తగ్గని మధ్యాహ్నం

కడుపుతో ఉన్నానని తెలిసిన రోజే మా డిటెక్టర్ నన్ను భయపెట్టింది.

అప్పుడు కరీంనగర్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేస్తున్నాను. న్యూట్రాన్లను పట్టే డిటెక్టర్ తయారు చేయడం మా పని. న్యూట్రాన్ తగిలితే దాని పలకలో చిన్న మెరుపు పుడుతుంది. సన్నని ఫైబర్ తీగలు ఆ వెలుగును గోడ అవతలి గదికి తెస్తాయి. అక్కడి యంత్రం మెరుపులను లెక్కపెట్టి అంకె చూపిస్తుంది. న్యూట్రాన్లను వెదజల్లే రేడియోధార్మిక గుళిక పక్కన మనిషి నిలబడే పని లేదు.

పొద్దున పరీక్ష పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి. సాయంత్రం మా గైడు సారుకు చెబుదామనుకున్నాను. ఆ రోజు గుళికతో పని సారే చేస్తున్నారు. నేను అవతలి గదిలో యంత్రం ముందు కూర్చున్నాను. పని అయ్యాక ఆయన గుళికను పొడవాటి కడ్డీ కొసన పట్టి, న్యూట్రాన్లను ఆపే మైనపు పీపాలోకి దించి వచ్చారు. అంకె పడిపోవాలి. పడకపోగా పెరిగింది.

"సార్, గుళిక లోపలికి పోయిందా?"

"నేనే దించిన గదమ్మా. తాళం గుడ ఏసిన."

"అంకె తగ్గుతలేదు సార్."

ఆయన వచ్చి చూశారు. "కడ్డీ కొస సరిగ్గ చూడలే. జారి కింద పడ్డదేమో. నువ్వు బయటికి నడువు."

వరండాలోకి వచ్చాను. రెండు చేతులూ పొట్ట మీదికి వాటంతటవే వెళ్లాయి. ఎంత రేడియేషన్ తగిలిందో మెడలోని కొలత బ్యాడ్జి అప్పటికప్పుడు చెప్పదు. దాన్ని పరీక్షకు పంపితే ఫలితం ఎప్పటికో వస్తుంది.

భద్రతాధికారికి ఫోన్ చేస్తూ సారు యంత్రం గది కిటికీ దగ్గర నిలబడ్డారు. తెరిచిన తలుపులోంచి అంకె కనిపిస్తూనే ఉంది. అది ఒక్కసారిగా పడిపోయింది. ఆయన పక్కకు జరగగానే మళ్లీ లేచింది.

"సార్, జర మళ్ల కిటికీ కాడ నిలవడుండ్రి."

ఆయన నిలబడ్డారు. అంకె పడిపోయింది.

కిటికీ కింద, తీగ వంపు తిరిగిన చోట నల్లటి తొడుగు చీలి ఉంది. మధ్యాహ్నపు ఎండ అందులోంచి దూరుతోంది; సారు నీడ పడ్డప్పుడే ఆగుతోంది. యంత్రం ఎండను లెక్కపెడుతోంది. దాని మీద మందపాటి నల్లగుడ్డ కప్పితే అంకె దాదాపు సున్నాకు దిగింది. ఆ తర్వాత అధికారి మీటరుతో వచ్చి, గుళిక పీపాలోనే ఉందని తేల్చాడు.

అప్పుడు సారుకు కడుపు సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. "రేపటి సంది గీ గదులకు రాకు బిడ్డా," అన్నారు.

నస్పూర్‌లో ఉన్న మా అమ్మకు, అవ్వకు, ఫోన్ చేశాను. మా నాన్న, బాపు, అక్కడి బొగ్గుబాయిలో గని కార్మికుడిగా పనిచేసేవాడు.

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు బాయిల పైకప్పు కూలిందన్నరు," అంది అవ్వ. "మీ బాపు ఇంటికొచ్చేదాంక గుక్కెడు నీళ్లు దిగలే."

"మరి బాపు వచ్చినంక?"

"అన్నం తిని పండుకున్నడు. తెల్లారి మళ్ల పోయిండు."

బ్యాడ్జి ఫలితంలో ఏమీ లేదని వచ్చింది. అయినా ప్రతి స్కానింగుకూ భయంతోనే వెళ్లాను. పాప ఆరోగ్యంగా పుట్టింది. తనను అవ్వ దగ్గర ఉంచి తిరిగి పనిలో చేరిన రోజు, గుళిక గది గడప దగ్గర కాళ్లు కదల్లేదు. సారు వచ్చి పక్కన నిలబడ్డారు. కొంతసేపటికి లోపలికి వెళ్లాను.