ద్వాదశి నాటి రెండు మాత్రలు

మా బావ సౌందరరాజన్ పెరట్లో దూరిన తాచుపామును కర్రతో ఎత్తి అవతల విడిచిపెట్టిన మనిషి. పళ్ల డాక్టరు పేరెత్తితే మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్లిపోయేవాడు. ఎనభై రెండులో, ఆ కార్తీకమాసంలో ఆయన ఇంట్లో ఒకచోట కూర్చున్న పాపాన పోలేదు. దవడ పట్టుకుని నడవా నుంచి పెరటికి, పెరటి నుంచి నడవాకు. చూసే మాకు కాళ్లు లాగేవి.

తిరుచానూరు అమ్మవారి గుడిలో ఆళ్వార్ల పాశురాలు చదివే గోష్ఠిలో ముందుగా ఎత్తుకునేది ఆయనే. రెండు వరుసలు ఎదురెదురుగా కూర్చుంటాం. ఆయన వరుస ఒక పాదం అంటే మా వరుస తరువాతిది అందుకుంటుంది. వాళ్ల నాయన కూర్చున్న చోటు అది. ఇప్పుడు దవడ వాచి నోరు సగమే తెరుచుకుంటోంది. ఇంకో పక్షంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు. పాశురం పలకని నోటికి ఆ చోటెందుకని తనలో తనే కుమిలిపోయేవాడు. పన్ను తీయించుకోమంటే నామీద మండిపడేవాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన కాళ్లూ చేతులూ అదిమి పట్టుకుంటే కంసాలి పట్టకారుతో పన్ను పీకాడట. ఆ భయం ఈ వయసుకూ వదల్లేదు.

నాకు ఓపిక తక్కువ. తిరుపతిలో డాక్టరు జయరావు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన అద్దం నోట్లో పెట్టకముందే బావ కుర్చీ దిగేశాడు. జయరావు నవ్వలేదు. భయం తగ్గడానికని రెండు మాత్రలిచ్చాడు: ఒకటి ముందురోజు రాత్రికి, ఇంకొకటి పన్ను తీయించుకోవడానికి వచ్చే గంట ముందు. మాత్ర పడ్డాక ఏ పనీ పెట్టుకోవద్దని, తోడు లేకుండా రావద్దని చెప్పాడు.

పంచాంగం చూడకుండా రోజు కుదిర్చింది నేనే. ముందురోజు ఏకాదశి అయింది. ఉపవాసమున్న మనిషి మంచినీళ్లే ముట్టడు, మాత్ర మింగుతాడా? మర్నాడు గోష్ఠి ముగియగానే బస్సెక్కాలి. డాక్టరు చెప్పిన గంట సరిగ్గా గోష్ఠి నడుమ పడుతుంది. అప్పుడు నోట్లో ఏదీ వేసుకోకూడదు. అందుకని బావ ద్వాదశి తెల్లవారగానే ఇంట్లో ఆరాధన ముగించి, తీర్థంతోబాటు రెండు మాత్రలూ మింగేశాడు. రాత్రిది మిగిలిపోయింది గదా అన్నాడట మా అక్క రంగనాయకితో. అదీ ఖాళీ కడుపున.

గోష్ఠిలో ఆయన్ను చూసి మొదట ముచ్చటపడ్డాను. కదలకుండా కూర్చున్నాడు. తరువాత ఒక పాశురం ఎత్తుకుని, రెండు మాటలన్నాక ఆగిపోయాడు. ఆయనకు చిన్ననాటి నుంచీ నోటికొచ్చిన పాశురం. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఆయన వరుస మొత్తం ఆయన కోసం ఆగింది. వంతు కాకపోయినా నేనే అందుకున్నాను. మా వరుస నా వెంట వచ్చింది. పెద్దలు కొందరు నావైపు కోపంగా చూశారు. చూడనీ అనుకున్నాను.

బస్సులో నా భుజం మీద తల వాల్చాడు. రెండూ ఒకేసారి మింగాడని బయల్దేరేటప్పుడు అక్క చెప్పిన సంగతి నేను చెబితే జయరావు నన్ను తిట్టి, నాడి చూసి, చాలాసేపు కనిపెట్టుకుని ఉన్నాడు. ఆ తరువాతే సూది వేశాడు. తెరవమంటే బావ నోరు తెరిచాడు. ఎవరూ అదిమి పట్టలేదు. పన్ను వచ్చేసింది.

సాయంత్రం లేచి దవడ తడుముకున్నాడు. పన్ను తీసింది గుర్తులేదు, బస్సు గుర్తులేదు. కాసేపటికి మళ్లీ నడవాలో తిరగడం మొదలుపెట్టి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నిజం చెప్పప్పా. పొద్దున నేను పాశురం తప్పినానా?"

ఏళ్ల తరబడి అందరి ముందూ నా తప్పులు ఎంచిన మనిషి. ఆయనది ఒక్కటి దొరికితే చాలునని కాచుకుని ఉన్నవాణ్ణి నేను.

"లేదు బావా. నేనే తొందరపడి నీ వంతు లాక్కున్నాను."

"నీకెప్పుడూ తొందరే" అని విసుక్కుని, గోడకు జారగిలబడి కూర్చున్నాడు. నమ్మాడనుకున్నాను.

బ్రహ్మోత్సవాల మొదటిరోజు నేను ఎదురు వరుసలోకి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఈడనే కూచో, నా పక్కన. నేను ఆగితే అందుకునేదానికి మనిషి ఉండల్ల గదా."

నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు మొదటి పాశురం ఆయన గొంతే వినబడింది, నేను సగం కూడా అనలేకపోయాను.