లవాన్ విప్పనివ్వని రేకు మూత

అమెరికాలోని ఐయోవాలో పాత ట్రాక్టర్లను అసలు రూపంలో నిలిపి చూపే పోటీ అంటేనే లవాన్‌కు గిట్టదు. ఈ వేసవి మాత్రం భర్త డ్వేన్ పోరు పడలేక, పుట్టింటి ట్రాక్టరును తానే నడుపుకుంటూ తెచ్చింది.

తీర్పు చెప్పే కుర్రాడు బండి చుట్టూ తిరిగి, వెనక వైపు వచ్చి మూతి విరిచాడు.

"పెద్దమ్మా, కోత యంత్రాన్ని తిప్పే ఈ షాఫ్టు మీద రేకు మూత తర్వాతి మోడలుది. మీ మోడలుకు మూతే లేదు. విప్పేయండి, మొదటి బహుమతి మీదే."

"చిటికెలో పని," అంటూ డ్వేన్ పానా తీశాడు.

మూత లేని ఈ షాఫ్టే మొక్కజొన్న కోతల్లో ఆమె అన్న ఎల్డన్‌ను చొక్కా చెయ్యి పట్టి లాక్కుని చంపేసింది. ఆ తర్వాతే నాన్న తర్వాతి మోడలు మూత తెచ్చి బిగించాడు. ఎందరు పోయాక కంపెనీకి ఆ బుద్ధి పుట్టిందో ఎవరూ లెక్క చెప్పలేదు. ఇప్పుడేమో వరుసంతా బోడి షాఫ్టులకు రంగులద్ది మురిసిపోతున్నారు. లవాన్‌కు ఉమ్మేయాలనిపించింది.

"పానా లోపల పెట్టు."

"రేకు ముక్క కోసం ఇంత రాద్ధాంతమా?" అని డ్వేన్ విసుక్కున్నాడు.

పక్క ట్రాక్టరు షాఫ్టు చూసేవాళ్ల కోసం గిర్రున తిరుగుతోంది. లవాన్ దానివైపు వేలు చూపించింది.

"రేకు ముక్కేగా! బాబూ, నువ్వు చెప్పే అసలు మోడలు అదే. నీ చొక్కా చెయ్యి దాని దగ్గర పెట్టు, ఇది నేనే విప్పేస్తా."

కుర్రాడు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. బహుమతి మాత్రం పక్క ట్రాక్టరుకే ఇచ్చాడు.